నాతోని ఏమైతది ప్రభువా? అర్హత లేదనుకునే వాళ్ల కోసం ఒక మాట

ధర్మపురి నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చిన.

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, దేవుడు నన్ను పిలుస్తున్నట్టు అనిపిస్తది. కానీ నాకు చదువు లేదు, మాట రాదు. నా అసొంటోడు ఏం చేస్తడు?" అని. ఈ ప్రశ్న నాకు బాగా తెలుసు. అందుకే ముందు నా సంగతి చెప్తా.

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు తప్పిన. కోరుట్లలో ఒక మొబైల్ షాపులో ఫోన్లు రిపేర్ చేస్తుంటి. చర్చిలో నా పని చాపలు పరుచుడు, సౌండ్ బాక్సులు పెట్టుడు. మైకు మాత్రం ముట్టకపోయేది.

మన జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు పోయినోళ్లు ఉంటరు కదా. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ బీడీలు చేసి కొడుకును పెంచింది. ఆ అన్న గల్ఫ్‌కు పోయి, అక్కడే చనిపోయిండు. చాలా రోజులకు హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సులో పెట్టె వచ్చింది, అర్ధరాత్రి దాటినంక. మా అయ్యగారు ఆ రోజు దూరం ఊరిలో ఉన్నరు, తెల్లారితే గాని రాలేరు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "బిడ్డా, రెండు మాటలు ప్రార్థన చెయ్యి" అన్నది.

"నాతోని కాదు పెద్దమ్మా, నాకు మాట రాదు" అన్న.

అన్నంక సిగ్గయింది. కొడుకు పెట్టెలో ఉన్నడు, నేను నా నత్తి గురించి మాట్లాడుతున్న! ఫోన్ తీసి 23వ కీర్తన చదువుడు మొదలుపెట్టిన. ఆరు వచనాలే. మధ్యల మూడు సార్లు ఆగిపోయిన. ఎవ్వరు నవ్వలేదు.

ఇప్పుడు వాక్యంలోకి పోదాం. నిర్గమకాండము 3, 4 అధ్యాయాలు తీయండి. మోషే మామ మందను మేపుకుంటున్నడు. దేవుడు మండుతున్న పొదలో నుంచి పిలిచి, ఐగుప్తుకు పొమ్మన్నడు. మోషే ఐదు సార్లు అడ్డం చెప్పిండు. నేనెంతటోన్ని? నీ పేరేందని చెప్పాలె? వాళ్లు నమ్మకపోతే? నాకు నోరు తిరగదు. ఇంకొకన్ని పంపరాదు?

మొదటి ప్రశ్నకు దేవుడు ఇచ్చిన జవాబు చూడండి. "నువ్వు గొప్పోడివి, నీలో టాలెంట్ ఉంది" అనలేదు. మోటివేషన్ వీడియో లెక్క మాట్లాడలేదు. నేను నీకు తోడుగా ఉంటా అన్నడు, అంతే. అడిగిందేమో తన అర్హత గురించి, వచ్చిన జవాబేమో దేవుని తోడు గురించి.

ఇంకో సంగతి. మొదటి నాలుగు మాటలకు దేవుడు ఓపికగా జవాబిచ్చిండు. ఐదో మాటకు కోపపడ్డడు. ఎందుకంటే అది భయం కాదు, పోవడం ఇష్టం లేకపోవడం. తమ్ముడూ, ఇక్కడ మనల్ని మనం పరీక్ష చేసుకోవాలె. "నాకు అర్హత లేదు" అనేది నిజంగా వినయమేనా? లేకపోతే తప్పించుకోవడానికి ఒక మంచి పేరా? నాకైతే చాలా ఏండ్లు రెండోదే. అయినా దేవుడు మోషేను వదిలేయలేదు. మాట్లాడడానికి అన్న అహరోనును తోడు ఇచ్చిండు. సాయం తీసుకునుడు తక్కువతనం కాదు.

ఇదంతా బైబిల్ కాలం ముచ్చట అనుకుంటున్నరా? మన తెలుగు నేల మీదిదే ఒకటి చెప్తా. ఒంగోలు దిక్కు తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అని ఉండె. మాదిగ కుటుంబం, తోలు పని. చదువు రాదు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నరు. బాప్తిస్మం ఇచ్చిన మిషనరీ పేరు జ్యూవెట్. పేరయ్య చదువు నేర్చినంక చెప్తానని కూర్చోలేదు. తాను నమ్మింది తన వాళ్లకు నోటి మాటతోనే చెప్పుకుంట తిరిగిండు. 1867 జనవరిలో క్లౌ అనే ఇంకో మిషనరీ ఆ ఊరికి పోతే, అక్కడ 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నరు.

ఆ క్లౌ కూడా ముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయర్. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నోళ్లకు కూలి పని ఇప్పించిండు. కొలతల పని తెలిసినోడు కాబట్టి అది అక్కరకు వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఇచ్చింది ఎవరో తెలుసా? క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంట ఇచ్చిండ్రు.

అట్లని చెప్పి, రేపే పని మానేసి బ్యాగు సదురుకొమ్మని నేను అంటలేను. మనసుకు అనిపించిందల్లా పిలుపు కాదు. వాక్యంతోని సరిచూసుకోవాలె, మీ సంఘ పెద్దలను, ఇంట్లోవాళ్లను అడగాలె. "నీకు పిలుపు ఉంది, పైసలు కట్టు" అని ఎవరన్నా అంటే జాగ్రత్త. నేర్చుకునుడు ఆపొద్దు. నేను ఇప్పటికీ రోజూ పొద్దున బయటికి వినబడేటట్టు ఒక అధ్యాయం చదువుత, నాలుక తిరగాలని. నత్తి పోలేదు, మీరు వింటనే ఉన్నరు కదా!

ఆ పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తా. కొన్ని నెలల తర్వాత అడిగిన, "పెద్దమ్మా, ఆ రాత్రి నేను సక్కగ చదవలేదు కదా" అని. "నువ్వు ఏం చదివినవో నాకు యాదికి లేదు బిడ్డా. నువ్వు వచ్చినవు, అది యాదికున్నది" అన్నది. తర్వాత కొడుకుకు రావాల్సిన జీతం కాగితాల కోసం జగిత్యాలకు ఆమెతోని నాలుగైదు సార్లు తిరిగిన. ఫారాలు నింపిన, జిరాక్సులు తీయించిన. మైకు లేదు, స్టేజీ లేదు. నా సేవ అక్కడ్నే మొదలైంది.

మెసేజ్ పెట్టిన తమ్ముడూ, ఈ వారం ఒక్క పని చెయ్యి. "నాతోని కాదు" అని నువ్వు పక్కకు పెట్టిన పని ఒకటి ఉంటది. ఒక ఇంటికి పోవాలె, ఒకరికి ఫోన్ చెయ్యాలె, ఒక పిల్లగానికి చదువు చెప్పాలె. అది చేసి, ఎట్లయిందో నాకు రాయి. మంచిగ కాకపోయినా రాయి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మాకు లేనిది నీకు తెలుసు. అయినా పిలిచినవు. మా సాకులు తీసేయి, మాతో నడువు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.