గ్యాసు బండ, సాంచా, బోరు మోటారు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ సార్ ఫిజిక్సు చెప్పేవారు. లెక్క చూపకుండా మాట్లాడితే ఒప్పుకునేవారు కాదు. కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

గ్యాసు బండలో 14.2 కిలోలుంటుంది. కిలో గ్యాసు కాలితే దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది; బండకు 42.6 కిలోలు. కోరుట్లలో నలుగురున్న ఇంట్లో ఏడాదికి 8 బండలు వాడారనుకోండి. మొత్తం 340 కిలోలు, తలకు 85. ఖతార్‌లో తలసరి ఉద్గారం ఏడాదికి 35 టన్నుల పైమాటే. మన మనిషి ఏడాది వంట అక్కడి ఒక్కరోజు సగటుకు కూడా చాలదు.

ఖతార్ పేరు ఊరికే ఎత్తలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలెందరో గల్ఫ్‌లో ఉన్నారు. క్యాంపుల్లో ఇరుకు గదుల్లో సర్దుకునే ఈ కూలీలను కూడా కలిపి భాగిస్తేనే ఆ సగటు అంతుంది. వాళ్లను పక్కన పెడితే ఇంకా పెరుగుతుంది. అలాగని ఆ పొగంతా ఖతార్ వాళ్ల విలాసమేననడం అన్యాయం. మన వంటగ్యాసులో సగానికిపైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌దే. దాన్ని తోడి, శుద్ధిచేసి, ఓడకెక్కించేటప్పుడు వచ్చే పొగ వాళ్ల ఖాతాలో పడుతుంది. కొడుకు పంపిన పైసలతో తల్లి ఇక్కడ కొనేది ఆ గ్యాసే.

కొన్నా అన్నిటికీ వాడదు. బీడీలు చేసే ఇంటికి పొద్దున్నే వెళ్లి చూడండి. చాయ్, కూర గ్యాసు మీద. స్నానాల నీళ్లు వాకిట్లో మూడు రాళ్ల మీద. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి బండ ఇంటికి చేరింది కానీ, మళ్లీ నింపించాలంటే బీడీల పైసలు చేతికందాలి. కట్టెల పొయ్యిని ప్రకృతి జీవనమని మెచ్చుకునేవారిని చూస్తే నాకు చిరాకు. ఆ మసి కూడా భూమిని వేడెక్కించేదే. అంతకుముందే ఆ తల్లి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక కరెంటు. 1970లో సిరిసిల్లలో పుట్టిన సహకార విద్యుత్ సంఘం, మన 'సెస్', దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన తొలి ఐదింటిలో ఒకటి. నేసిన బట్టకు మీటరు లెక్కన కూలి తీసుకునే నేతన్నకు కరెంటు పోతే చీకటి సంగతి తర్వాత, సాంచా, అంటే మరమగ్గం, ఆగుతుంది, ఆ పూట కూలి పోతుంది. సెస్ ఆ కరెంటును బయటినుంచే కొనాలి. బొగ్గుతో కరెంటు తీసే రామగుండం మనకు ఎంతో దూరం లేదు. గ్రిడ్‌లో పెద్దవాటా బొగ్గుదే. సగటున యూనిట్‌కు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి ఏడాదికి 840 కిలోలు. వంటా వెలుగూ కలిపినా తలకు 300 కిలోలు దాటదు. దేశ సగటు 2 టన్నులు. మిగతాది ఫ్యాక్టరీల్లో, సిమెంటులో, ఉక్కులో, బండ్లలో, ఉన్నవాళ్ల ఏసీల్లో ఉంది. పేదింటికి కరెంటిస్తే భూమి మాడిపోతుందన్న భయం ఈ లెక్క ముందు నిలవదు.

దుబారా మనలో లేదనను. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఆటోస్టార్టర్ పెట్టిన బోరు రాత్రంతా తనంతట తానే నడిచింది. నీళ్లు అడుగంటుతుంటే ఆటోస్టార్టర్లు తీసేయండని సర్కారే చెప్పాల్సి వచ్చింది. పొదుపు అక్కడ మొదలుపెడదాం. బోర్లకు పగటిపూట సోలార్ కరెంటు సరిపోతుంది. ఒకప్పుడు త్రీఫేజ్ కోసం అర్ధరాత్రి చేనుకు పోయి పాము కాటుకు, షాకుకు రైతులు బలైన జిల్లాలివి. పగలు కరెంటిస్తామంటే ఇక్కడ కాదనే రైతు ఉండడు.