కరెంటు పెడితే నొప్పి తగ్గుతుంది, గాయం మానుతుందా?

(షోలాపూర్‌లో జరిగిన మరమగ్గాల కార్మికుల సభలో యూనియన్ ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పగటి పాళీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన వాళ్ళున్నారు. రాత్రి పాళీకి పోవలసిన వాళ్ళూ ఉన్నారు. అందుకని ఎక్కువ పొద్దు తీసుకోము. ఈ రోజు మేము మాట్లాడేది బోనసు గురించి కాదు, పీసు రేటు గురించీ కాదు. మన భుజాల గురించి, నడుముల గురించి.

ఈ మధ్య మన పేటల్లో ఏ ఇంటికి పోయినా ఒక మాట వినబడుతున్నది. "కరెంటు పెట్టించుకుంటున్నా" అని. బీము ఎక్కిస్తుంటే నడుము పట్టినవాడు పెట్టించుకుంటున్నాడు. పొద్దుందాక తెగిన పోగులు అతికి అతికి మెడ పట్టినవాడు పెట్టించుకుంటున్నాడు. బీడీలు చుట్టి మణికట్టు లాగే మన ఆడవాళ్ళూ పెట్టించుకుంటున్నారు. పది రోజులు రమ్మంటారు, పది రోజుల డబ్బు ముందే కట్టించుకుంటారు. పది రోజుల కూలీ కూడా పోతుంది. ఇంత పెడుతున్నప్పుడు ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవడం మన హక్కు. మా కమిటీలో అందరం డాక్టర్లం కాము. సాంచాల మీద పనిచేసే వాళ్ళమే ఎక్కువ. ఫిజియోథెరపీ చదివిన మిత్రుల దగ్గర కూర్చొని, అడిగి, తెలుసుకున్నది చెబుతున్నాము.

ఆ యంత్రంలో నిజానికి రెండు పనులున్నాయి. ఒకటి అల్ట్రాసౌండ్. కడుపులో బిడ్డను చూసే స్కానింగూ అల్ట్రాసౌండే, కానీ అది చూడడానికి, ఇది వైద్యానికి. ఫిజియోథెరపీ చేసేవారి చేతిలో ఒక పిడి ఉంటుంది, దాని చివర గుండ్రటి లోహపు తల. ఆ తల వెనుక ఒక స్ఫటికం. దానికి కరెంటు అందితే అదురుతుంది. కొన్ని స్ఫటికాలకు ఈ గుణం ఉందన్న విషయం 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు చేసిన పరిశోధనలతో మొదలై తెలిసింది. మనిషి చెవికి సెకనుకు 20 వేల అదురుల వరకే వినబడుతుంది. ఈ తల సెకనుకు 10 లక్షల సార్లు, లేదా 30 లక్షల సార్లు అదురుతుంది. 10 లక్షలది లోతుకు పోతుంది, 30 లక్షలది పైపైన పనిచేస్తుంది. గాలిలో ఈ ధ్వని సాగదు, అందుకే చర్మానికి, తలకు మధ్య జెల్ పూస్తారు. జెల్ లేకుండా రుద్దితే ధ్వని లోపలికి పోదు. ఆ ధ్వని కండరంలోకి దిగి కాస్త వేడి పుట్టిస్తుంది. ఆపి ఆపి ఇస్తే వేడి తక్కువ, ఆగకుండా ఇస్తే ఎక్కువ.

రెండోది అసలు కరెంటు. చర్మం మీద నుంచి చిన్న కరెంటు పంపిస్తే చీమలు పాకినట్లు ఉంటుంది. దెబ్బ తగలగానే మనం ఆ చోటును రుద్దుకుంటాం గదా, ఎందుకు? రుద్దిన స్పర్శ వెన్నుపాముకు చేరి, నొప్పి కబురు పైకి పోయే వాకిలిని కొంత మూస్తుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ కరెంటు చేసేదీ ఇంచుమించు ఆ రుద్దడమే. కొంచెం పెంచితే కండరం దానంతట అదే బిగుసుకొని వదులుతుంది.

ఈ రెండూ కలిపితే కాంబినేషన్ థెరపీ. నడుము మీదనో తొడ మీదనో ఒక ప్యాడ్ అంటిస్తారు. రెండో ప్యాడ్ బదులు అల్ట్రాసౌండ్ తలనే వాడతారు. అంటే ధ్వనీ కరెంటూ ఒకే తల నుంచి లోపలికి పోతాయి. తల జరుపుతూ పోతుంటే ఒక్కో చోట సుర్రుమంటుంది. బిగుసుకుపోయిన ముడి అక్కడే ఉందని, ఆ ముడిని వెతకడానికి ఇది పనికొస్తుందని ఈ పద్ధతి వాడేవారు చెబుతారు.

వినడానికి బాగానే ఉంది. మరి పరీక్షలు ఏం చెబుతున్నాయి? సగం మందికి నిజం అల్ట్రాసౌండు, సగం మందికి ఆపివేసిన యంత్రం పెట్టి పోల్చి చూసే పరీక్షలు చాలా జరిగాయి. 1975 నుంచి 1999 వరకు వచ్చిన అటువంటి 35 పరీక్షలను 2001లో ఇద్దరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. పద్ధతిగా చేసినవి 10 తేలాయి. ఆ 10లో అల్ట్రాసౌండు ఆపిన యంత్రం కంటే మేలని చూపినవి 2 మాత్రమే. నడుము నొప్పికి అల్ట్రాసౌండు గాని, ఈ రకం కరెంటు గాని ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2016లో చెప్పింది. రెండూ కలిపితే ఫలం రెట్టింపు అని అమ్మేవాళ్ళు చెప్పే మాటకు ఆధారం ఇంకా తక్కువ. 2003లో బ్రెజిల్ వాళ్ళు ప్రకటించిన ఒక చిన్న పరిశీలనలో నొప్పీ నిద్రా రెండూ మెరుగయ్యాయి. అయితే వాళ్ళు ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు మనుషులు, అదీ 17 మంది. బీము ఎత్తితే చిరిగిన భుజానికి దాన్ని సాక్ష్యంగా తెస్తే ఎట్లా?

అంతా మోసమని మేము అనడం లేదు. భుజంలో సున్నం పేరుకున్న వాళ్ళకు అల్ట్రాసౌండు పెట్టి చూసిన ఒక మంచి పరీక్ష 1999లో వచ్చింది. 6 వారాల్లో 24 సార్లు పెట్టారు. చికిత్స ముగిసేసరికి నొప్పి బాగా తగ్గింది, సున్నమూ పెట్టనివాళ్ళలో కంటే ఎక్కువ మందికి కరిగింది. కానీ 9 నెలల తర్వాత నొప్పి విషయంలో పెట్టినవాళ్ళకూ పెట్టనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. అయినా కొంతకాలం నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు. రాత్రి నిద్ర పడుతుంది, చెయ్యి కదిపి వ్యాయామం చేయడానికి వీలవుతుంది. యంత్రానికి సరైన చోటు అదే, వ్యాయామానికి ముందు తోడుగా.

మన దగ్గర జరిగేది వేరు. ఒక కార్ఖానాలో చద్దర్ల సాంచాల మీద పనిచేసే సోదరుడు నిండు బీము ఎక్కిస్తుండగా భుజంలో కలుక్కుమంది. యజమాని తనకు తెలిసిన క్లినిక్కుకు పంపాడు. అక్కడ చెయ్యి ఎత్తి చూపమన్న వాళ్ళు లేరు, పడుకోబెట్టి యంత్రం పెట్టారు. ఐదో రోజుకు నొప్పి తగ్గింది. ఆరో రోజు కబురు వచ్చింది, "తగ్గింది గదా, ఇక రా" అని. పీసు రేటు మనిషి, ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు, పోయాడు. మళ్ళీ బీము పట్టాడు. ఈ రోజు ఆ చెయ్యి తల దాకా లేవదు. తరువాత పెద్దాసుపత్రిలో చూస్తే, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు చిరిగి ఉన్నదన్నారు. (మనం అన్నిటినీ నరం అనేస్తాం గాని, ఇది నరం కాదు, తాడు వంటిది.) మొదటి రోజు ఎంత చిరిగిందో మేము చెప్పలేము. ఐదు రోజుల్లో అటువంటిది మానదని మాత్రం చెప్పగలము. నొప్పి కాపలాదారు వంటిది. కాపలాదారును నిద్రపుచ్చి మనిషిని మళ్ళీ బీము కిందికి పంపారు.

కాబట్టి యంత్రం పెట్టకముందు అడగండి: దెబ్బ ఎక్కడ తగిలింది, ఏం చిరిగింది, ఏ వ్యాయామం చేయాలి, బరువు ఎన్నాళ్ళు ఎత్తకూడదు? ఈ నాలుగు మాటలూ చీటీ మీద రాసి ఇమ్మనండి. రాయనంటే ఇంకో చోటు చూసుకోండి. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వేడి పుట్టించే ఏ వైద్యమూ వద్దు. వాపు ఇంకా పెరుగుతుంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, ఎముక విరిగిందని అనుమానం వచ్చినా క్లినిక్కు కాదు, వెంటనే ఆసుపత్రి.

కొన్ని సంగతులు అడగకపోయినా మీరే ముందు చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు ఈ కరెంటు పనికిరాదు. గర్భంతో ఉన్న అక్కచెల్లెళ్ళకు పొట్ట మీద, నడుము మీద అల్ట్రాసౌండు పెట్టకూడదు. కేన్సర్ గడ్డ ఉన్న చోట, రక్తం గడ్డ కట్టిన కాలికి, కంటి దగ్గర అసలే వద్దు. శరీరంలో ప్లేటు, స్క్రూలు, కృత్రిమ కీలు ఉంటే చెప్పండి. షుగరు ఉండి పాదాల్లో, చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మరీ జాగ్రత్త, కాలినా తెలియదు. యంత్రం తల ఒక్క చోట ఆపి పెట్టి ఫోను చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఎముక దగ్గర లోపల మంట పుడుతుంది. తల కదులుతూ ఉండాలి. మంట అనిపిస్తే ఓర్చుకోకండి, ఆపమనండి. మన వాళ్ళకు డాక్టరు ముందు నోరు పెగలదు, సేట్ ముందు కూడా లేవని గొంతు డాక్టరు ముందు ఎట్లా లేస్తుంది అంటారు. ఇక్కడ లేవాలి.

ఇక డబ్బు మాట. పనిలో తగిలిన దెబ్బకు ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్ళకు పనిచేయలేని కాలానికి కూలీలో 90 శాతం వరకు రావాలి. జబ్బు సెలవుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. తేడా చూశారు గదా. పనిలో తగిలిన దెబ్బను "ఒంట్లో బాగాలేదు" అని రాయిస్తే నష్టం మనకే. అందుకే దెబ్బ తగిలిన రోజే, తగిలిన గంటతో సహా, ప్రమాదాల పుస్తకంలో ఎక్కించండి. చూసిన తోటి కార్మికుని పేరు రాయించండి. క్లినిక్కు చీటీలో కూడా "పనిలో బీము ఎత్తుతుండగా" అన్న మాట ఉండాలి. చిన్న కార్ఖానాల్లో చాలామందికి కార్డే లేదని మాకు తెలుసు. 1923 నుంచి ఉన్న నష్టపరిహారపు హక్కు, 1948 నాటి ఇ.ఎస్.ఐ. హక్కు ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో చేరాయి. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కార్డు లేనంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదు.

భుజాలు చిరిగేది బీముల కింద. దానికి మందు ట్రాలీ, దానికి తోడు ఇంకో మనిషి. బీము ఎత్తడానికి ప్రతి కార్ఖానాలో ట్రాలీ పెట్టాలని, ఒంటరిగా ఎవరి చేతా ఎత్తించకూడదని యజమానులకు ఇవ్వబోయే నోటీసు ఆ మూల బల్ల మీద ఉంది. సంతకం చేయనివాళ్ళు పోయేటప్పుడు చేసి పోండి. కరెంటు పెట్టించుకున్న పాత చీటీలు, రసీదులు ఎవరి దగ్గర ఉన్నా పారేయకుండా వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. ఒక్కొక్కటి చూసి, పరిహారం అడగడానికి వీలున్నవి వేరు చేద్దాము. రాత్రి పాళీ వాళ్ళు ముందు బయలుదేరండి, వేళవుతున్నది.