రాయి లెక్క
(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం)



డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారి గురించి మాట్లాడమంటే చాలామంది గంగా కావేరీల అనుసంధానంతో మొదలుపెడతారు. నేను రాయితో మొదలుపెడతాను. ఆయన పేరు ముందుగా నిలవవలసింది అక్కడేనని నా అభిప్రాయం.

పుట్టింది 1902 జులై 15న, కృష్ణా జిల్లా కంకిపాడులో. చిన్నప్పుడే ఒక కంటి చూపు పోయింది. మద్రాసు గిండీలో ఇంజనీరింగు, కొన్నాళ్లు రంగూన్‌లో అధ్యాపకత్వం, 1939లో బర్మింగ్‌హామ్ నుంచి డాక్టరేటు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద ఇంగ్లీషులో పాఠ్యగ్రంథం కూడా రాశారు. అంతటి కాంక్రీటు పండితుడు నాగార్జునసాగర్ దగ్గరికి వచ్చేసరికి రాతికట్టడం వైపు నిలబడ్డారు.

ఎందుకంటారా? 1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర ఆ డ్యాముకు శంకుస్థాపన చేసేనాటికి దేశంలో సిమెంటుకు కటకట. కాంక్రీటు డ్యామంటే భారీ యంత్రాలు కావాలి, యంత్రాలకు విదేశీ మారకం కావాలి. భాక్రా డ్యాముకు ఆ దారే తొక్కారు. అమెరికా నుంచి హార్వే స్లోకమ్ అనే నిపుణుణ్ణి రప్పించుకున్నారు కూడా. ఇంకో భాక్రాకు డబ్బెక్కడిది? రాతికట్టడంలోనైతే రాయే ఎక్కువ చోటు తీసుకుంటుంది, సందులు నింపే మాలుకే సిమెంటు పడుతుంది. సిమెంటు తగ్గితే కట్టడం గట్టిపడేటప్పుడు పుట్టే వేడీ తగ్గుతుంది. కాంక్రీటు డ్యాముల్లో ఆ వేడికి పగుళ్లు రాకుండా చల్లబరచడానికి పడే తంటా చాలావరకు తప్పుతుంది. రాయికి అక్కడ కరువు లేదు. పనికోసం చూసే చేతులకు అంతకన్నా లేదు.

ఆనాటి ఫొటోలు చూడండి. కర్రలతో కట్టిన పరంజాలు, వాటి మీదుగా ఏటవాలు బాటలు, సరుకు మోస్తూ బారులు తీరిన ఆడామగా. మేస్త్రి మాలు పరుస్తాడు, రాయి దించుతాడు, అటూఇటూ కదిపి కుదురుగా కూర్చోబెడతాడు. అడుగున గుల్ల మిగిలిందా, రేపు నీరు ఊరేది అక్కడినుంచే. అలా రాయి మీద రాయి పేర్చి 124 మీటర్లు లేపారు. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో అదొకటి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఘనతంతా ఒక్కరి ఖాతాలో వేయడం మన సభలకు అలవాటు. ప్రాజెక్టు కోసం పట్టువదలకుండా తిరిగిన ముక్త్యాల రాజా, చోటును సమర్థించిన ఖోస్లా కమిటీ, పని నడిపించిన చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ లేకపోతే రావుగారి డిజైను కాగితం మీదే ఉండేది. ఆ మాట ఆయన సభలోనే అనాలి.

విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లి, 1963 నుంచి పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు చూశారు. 1972 నాటి ఆయన గంగా కావేరీ ప్రతిపాదన అందరికీ తెలిసిందే: పట్నా దగ్గర గంగ నుంచి 60,000 క్యూసెక్కులు, ఏడాదికి 150 రోజులు, 2,640 కిలోమీటర్ల దారిన దక్షిణానికి. అంత నీటిని గట్టు దాటించాలంటే వేల మెగావాట్ల కరెంటు కావాలి. లెక్క చూసిన కేంద్ర జల సంఘం దాన్ని పక్కన పెట్టింది. సాగర్ దగ్గర దేశం చేతిలో ఉన్నదాన్ని బట్టి గీత గీసిన మనిషి, ఇక్కడ చేతిలో లేని కరెంటును నమ్ముకున్నారు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

ఆ ఆలోచన మాత్రం ఊరికే పోలేదు. 1982లో ఏర్పడ్డ జాతీయ జలాభివృద్ధి సంస్థ నదుల అనుసంధానాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో లింకునూ విడిగా లెక్కకట్టే పనిలో పడింది. రావుగారు 1986లో కన్నుమూశారు. కృష్ణా డెల్టా పంటకు అదను తప్పకుండా చూసేందుకు పులిచింతలలో 45.77 టీఎంసీల జలాశయం కట్టి ఆయన పేరు పెట్టారు. అక్కడ వదిలిన నీటికి పంపులతో పని లేదు, నదిలోనే ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది.