చెఱువు కొలత, ప్రమేయ భాష



గడచిన భాద్రపదమాసమున మా యూరి చెఱువుకట్ట కడ నాకొక పాఠము లభించినది. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడనయ్యును, దీనిని మాత్రము మా నీరటివాని వలన నేర్చుకొంటిని. దానిని మీకు మనవి చేయుటయే నేటి ప్రసంగము.

నా మనుమడు కంప్యూటరు విద్య నభ్యసించినవాడు. అతడు చెఱువు తూము కడ ఒక చిన్న పరికరము నమర్చెను. అది మన చెవికి వినరాని ధ్వనిని నీటిమీదికి పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చుట కెంత కాలము పట్టెనో కొలుచును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, పోయివచ్చిన కాలములో సగమును బట్టి నీటి దూరము తెలియును. పరికరము సెకనునకు పది కొలతలు కట్టదిగువ నున్న మా యింటి కంప్యూటరునకు పంపును. వానిని చదువు ప్రోగ్రామును అతడు హాస్కెల్ అను భాషలో వ్రాసెను. హాస్కెల్ కర్రీ అను అమెరికా తర్కశాస్త్రజ్ఞుని పేరిట వెలసిన భాష యిది. దీని మొదటి నిర్ణయపత్రము 1990లో వెలువడినది.

ఇట్టిదానిని ప్రమేయ భాష యందురు. వ్యాకరణము చదివినవారికి ఇది సులభముగా బోధపడును. “మహా”, “ఇంద్రుడు” అను పదములను గుణసంధి కొప్పగించితిమా, “మహేంద్రుడు” అనియే వచ్చును. నిన్నను అంతే, రేపును అంతే. ఇచ్చినది మాఱనిచో వచ్చునదియు మాఱదు. అందుచే ఇట్టి భాషలో వ్రాసినదానిని సరిచూచుట తేలిక.

కాని చెఱువు సంధిసూత్రము కాదు. “నీరెంత?” అని ఇప్పుడడిగిన నొక యుత్తరము, గడియ తరువాత నడిగిన వేఱొక యుత్తరము. మాఱనిదానిచేత మాఱుదానిని చదివించుట యెట్లు? ఆ భాషను కూర్చినవారు దీనికి చెప్పిన సమాధానము మనకు క్రొత్తది కాదు. వ్రతకల్పము వేఱు, వ్రతము వేఱు. పుస్తకములోని కల్పము “ఇది చేసి పిమ్మట ఇది చేయుము” అని చెప్పును గాని తాను దీపము వెలిగింపదు. అట్లే ప్రోగ్రాము చేయవలసిన క్రియలను వరుసగా కూర్చును. నడుపునపుడు యంత్రము వానిని చేయును. 1996 నాటి భాషానిర్ణయమున ఈ పద్ధతి స్థిరపడినది. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ అను పండితులు మఱియొక త్రోవ చూపిరి. మాఱు వస్తువును ఒక అంకెగా గాక, కాలమును బట్టి విలువ నిచ్చు ప్రమేయముగా భావింపుడనిరి. “నీరెంత?” అనుట సగము ప్రశ్న, “ఏ క్షణమున నీరెంత?” అనుట నిండు ప్రశ్న. క్షణమును చేర్చితిమా, దాని యుత్తర మెన్నటికిని మాఱదు.

మా మనుమడు మఱచినది ఆ క్షణమునే.

ఆనాడు ఉదయము తొమ్మిది గంటలకు ప్రోగ్రామును ప్రారంభించితిమి. పగలెల్ల వాన. రాత్రి ఏడు గంటలకు నీరటివాడు తడిసి వచ్చి, “అయ్యవారూ, పాతగండి రాతిని నీళ్లు ముట్టినై. మనుషుల్ని పిలిపించండి” అనెను. నేను తెరవంక చూచితిని. నీరు ఆ రాతికి ఇంకను జానెడు క్రింద నున్నట్లు అంకె చూపుచుండెను. “చీకటిలో నీ కన్ను మోసపోయినది; యంత్రము తప్పు చెప్పదు” అని అతనిని పంపివేసితిని. అతడు నా మాట వినలేదు. పదిమందిని కూడగట్టి పాతగండి చోట ఇసుక మూటలు వేయించెను. కట్ట నిలిచినది.

తెల్లవాఱిన పిమ్మట లెక్క చూచితిమి. పరికరము సెకనునకు పది కొలతలు పంపుచుండగా ప్రోగ్రాము తొమ్మిదింటినే చదివి ముగించుచుండెను. తక్కినది వరుసలో నిలుచుచుండెను. పది గంటలలో వచ్చినవి 3,60,000, చదివినవి 3,24,000, నిలిచినవి 36,000, అనగా సరిగా ఒక గంట కొలతలు. ఏడు గంటలకు నేను చూచినది ఆఱు గంటల నాటి నీరు! ఆ అంకె అబద్ధము కాదు, గతించిన నిజము. దోషము భాషయందు లేదు. వరుసకు హద్దు పెట్టకపోవుట, కొలత ప్రక్కన కాలము వ్రాయకపోవుట, ఇవియే దోషములు.

ఇప్పుడు ప్రతి కొలతతోను అది పుట్టిన వేళ కూడ వచ్చుచున్నది. కొలతలను అందుకొను పని యొకటి, తెరమీద చూపు పని యొకటిగా విడదీసినాడు. రెంటి నడుమనున్న అఱలో ఒక్క కొలతకే చోటు. క్రొత్తది రాగానే పాతది తొలగును. కొలత రెండు సెకనులకన్న పాతదైనచో అంకెకు బదులు “వార్త లేదు” అని పడును. విలువ ఉండవచ్చును, లేకపోవచ్చును అని రెండు గతులను చెప్పు ఏర్పాటు ఆ భాషలోనే కలదు.

మఱునాడు నీరటివాని యింటికి పోయి, నా తప్పును ఒప్పుకొంటిని. అతడు నవ్వి, “రాయి దగ్గరికి వచ్చి చూసుంటే సరిపోయేది గదా అయ్యవారూ” అనెను.

అయ్యలారా, ఇట్టి పరికరములు మీ గ్రామములకును రావచ్చును. వానిని కాదనవలదు. ఎవరేని అంకె చూపినప్పుడు “ఇది ఎప్పటిది?” అని మాత్రము తప్పక అడుగుడు. కట్టమీది గుఱుతురాతిని తీసివేయకుడు. దానిని చూచువాని మాటను త్రోసివేయకుడు.

సెలవు.