సారము మీదనుంచి పడినవారికి ఏమి రావలెను?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరాభవ నామ సంవత్సరము వచ్చినది. పేరు వినగానే మొగము చిట్లించుకొన్నవారు మన సభలోనే ఉన్నారు. సంవత్సరము పేరు మన చేతిలో లేదు గనుక దానిని విడిచిపెట్టి మన చేతిలో ఉన్న సంగతికి వస్తాము. పండుగపూట దెబ్బలు, ఆసుపత్రులు, దరఖాస్తులు అనే మాటలు ఎత్తవద్దని మా ఇంటిలోనే అన్నారు. కాని ఊరు విడిచి పనులకు పోయినవారందరు ఒక్కచోట కూర్చొని మాట వినేది ఈ దినమే. పొంగలికి వస్తారు, నిజమే; అప్పుడు ఎవరి ఇంట వారుంటారు.

మనము నాగలాపురము చుట్టుప్రక్కలవారము. నల్లరేగడి నేల. వాన కురిస్తే ప్రత్తి, కురియకపోతే కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు, శివకాశి బాణసంచా. మన తాతముత్తాతలు ఎన్ని తరముల క్రిందటనో తెలుగుసీమ విడిచి ఈ నేలకు వచ్చినారు. ఇంట తెలుగు, బడిలో తమిళము మనకు అలవాటే. ఇప్పుడు మన పిల్లలు మరల మూట కట్టినారు. మదురై, కోయంబత్తూరు, తిరుప్పూరు, చెన్నై, ఎక్కడ మేడ లేస్తే అక్కడికి. మేము రైల్వేలో గుమాస్తా పని చేస్తున్నాము గనుక తాపీ, రసమట్టము సంచిలో పెట్టుకొని రాత్రి బండి ఎక్కేవారిని వారమువారము చూస్తూనే ఉన్నాము. ఎక్కినట్లే దిగనివారిని కూడ చూచినాము.

మొదట మా తప్పు చెప్పుకోవలెను. పది పన్నెండేండ్ల క్రిందటి మాట. మా పెద్దమ్మ కొడుకు ఒకరు, మాకు అన్న వరుస, ఒక పట్టణములో కొత్తనారు పనికి పోయినారు. సెంట్రింగు పలక జారి క్రిందపడగా కుడిచేతి బొటనవ్రేలు నలిగిపోయినది. ఆసుపత్రిలో దానిని తీసివేసినారు. అప్పటికి వారికి ముప్పది ఏండ్లు. కాంట్రాక్టరు మనిషి ఊరిదాకా వచ్చి 20,000 రూపాయలు చేతిలో పెట్టి, ఇక నాకేమియు రావలసినది లేదని వ్రాసిన స్టాంపు కాగితముమీద వ్రేలిముద్ర అడిగినాడు. అన్న ఆ కాగితము మా దగ్గరకు తెచ్చి, “తమ్ముడూ, నీవు చదువుకొన్నవాడివి, పెట్టవచ్చునా?” అన్నారు. మేము మెట్రిక్ చదివినవారము, ఉద్యోగములో క్రొత్తగా చేరినవారము, ఊరిలో కాస్త గొప్ప కూడ. “ఇచ్చినది తీసుకో అన్నా, పెద్దవారితో మనకెందుకు?” అన్నాము. కుడి బొటనవ్రేలు పోయిన మనిషి ఎడమ బొటనవ్రేలితో ముద్ర పెట్టినారు.

తరువాత చాలకాలానికి ఆఫీసులోని ఒక పెద్ద గుమాస్తాగారు పట్టిక ముందు పెట్టి లెక్క వేసి చూపినారు. 1923 నాటి చట్టము ఉన్నది, మొదట వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టమనేవారు, 2010లో ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టమని పేరు మార్చినారు. అందులో ఏ అవయవము పోతే సంపాదన శక్తి నూటికి ఎంత పోయినట్లో పట్టిక ఉన్నది. బొటనవ్రేలికి నూటికి 30. ఆ రోజులలో ఎంత కూలి వచ్చినా లెక్కకు నెలకు 8,000 మాత్రమే తీసుకొనేవారు. అందులో నూటికి 60 అంటే 4,800. ముప్పది ఏండ్ల వయస్సుకు పట్టికలో ఉన్న గుణకము 207.98. రెండింటిని హెచ్చవేసి, వచ్చినదానిలో నూటికి 30 తీస్తే 2,99,491 రూపాయలు. మేము ఇప్పించినది 20,000. మిగిలిన రెండు లక్షల డెబ్బదితొమ్మిది వేలు మా ఒక్క మాటతో పోయినవి. అన్న ఆ మాట ఇంతవరకు మమ్ము అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ స్టాంపు కాగితము సంగతి కూడ అప్పుడే తెలిసినది. పనివాడు తన హక్కు వదలుకొంటానని వ్రాసి ఇచ్చినా ఆ వ్రాత చెల్లదని చట్టములోనే ఉన్నది. మొత్తము సొమ్ముకు రాజీ పడితే ఆ ఒప్పందమును అధికారి దగ్గర నమోదు చేయించవలెను. మనిషి చనిపోతే ఆ సొమ్ము ఇంటివారి చేతికి నేరుగా ఇచ్చినా లెక్కలోకి రాదు. అధికారి దగ్గర జమ కట్టవలెను, ఆయన పంచి ఇవ్వవలెను. అంటే ముద్ర పెట్టిన తరువాత కూడ అన్నకు దారి ఉండినది. మేము దానిని తెలుసుకొనేసరికి గడువు రెండేండ్లు దాటి మరి ఎనిమిది నెలలు అయినది. తగిన కారణము చూపితే ఆలస్యమును మన్నించవచ్చునని చట్టములో ఉన్నమాట నిజమే. కాని అప్పటికి కట్టడము పూర్తియై అమ్ముడుపోయినది, తోడిపనివారు నాలుగు దిక్కులకు పోయినారు, మేస్త్రీ ఫోను పనిచేయలేదు. చూచినామని చెప్పేవారే లేరు.

పెద్ద ప్రమాదములు అందరికి గుర్తుంటవి. 2014 జూన్ 28 శనివారము సాయంకాలము, చెన్నై పోరూరు దగ్గర మౌలివాక్కములో కట్టుచున్న 11 అంతస్తుల మేడ వానలో కూలి 61 మంది చనిపోయినారు. వారిలో చాలమంది విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలనుంచి కూలికి వచ్చిన తెలుగువారు. వారము దాటగానే, జూలై 6న తిరువళ్ళూరు జిల్లాలో గోదాము ప్రహరీ గోడ కూలి మరి 11 మంది పోయినారు. మౌలివాక్కము విషయమై విశ్రాంత న్యాయమూర్తి రఘుపతిగారితో విచారణ సంఘము వేసినారు. అక్కడే ఉన్న జంట మేడను 2016 నవంబరు 2న మందుపెట్టి కూల్చినారు. మంత్రులు వచ్చినారు, ప్రభుత్వములు సొమ్ము ప్రకటించినవి. ఒక్క మనిషి రెండవ అంతస్తునుంచి పడితే ఎవరును రారు. కాని పని ఇచ్చినవాని బాకీ రెండుచోట్లా ఒక్కటే. ప్రభుత్వము దయతో ఇచ్చునది వేరు, యజమాని చట్టము ప్రకారము ఇవ్వవలసినది వేరు. మొదటిది వచ్చినదని రెండవదానిని అడుగకుండ ఊరుకోరాదు.

యజమాని ఎవరనే ప్రశ్న వస్తుంది. మన పిల్లలకు కంపెనీ పేరే తెలియదు, మేస్త్రీ పేరు తెలుసును. అందుకే చట్టము ఒక మేలు చేసినది. కట్టడమే వ్యాపారముగా ఉన్న కంపెనీ పనిని కాంట్రాక్టరుకు అప్పగించినా, ఆ కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే కంపెనీనే అడుగవచ్చును. కంపెనీ తరువాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకొంటే అది వారి గొడవ. కాని ఎవరైనా తన కాపురమునకు తాను ఇల్లు కట్టించుకొంటూ పని అంతా కాంట్రాక్టుకు ఇచ్చివుంటే ఈ సూత్రము అక్కడ పనిచేయదు. అప్పుడు కాంట్రాక్టరునే పట్టుకోవలెను. పనిలో చేరే రోజుననే గేటు దగ్గర బోర్డును ఫోనులో ఒక ఫోటో తీసి ఇంటికి పంపమని మా తమ్ములకు చెబుతున్నాము. పెద్ద పని ఏమియు కాదు.

ఇంకొక మాట మేస్త్రీలు తప్పక అంటారు. “తాగి ఎక్కినాడు, హెల్మెటు పెట్టుకోలేదు, వానిదే తప్పు.” చట్టము ఇందులో కొంత ఒప్పుకొన్నది. తాగిన మత్తువలన పడినా, రక్షణకై పెట్టిన సాధనమును బుద్ధిపూర్వకముగా తీసివేసినా, సొమ్ము నిరాకరించవచ్చును. కాని మనిషి చనిపోతే, లేక జన్మకు ఏ పనికి పనికిరాకపోతే ఆ సాకులు చెల్లవు. మామూలు అజాగ్రత్త అసలే సాకు కాదు. కట్టిన సారము కదులుతూ ఉంటే (ఆంధ్రలో దీనిని పరంజా అంటారు) దానిమీదనుంచి పడినవాని తప్పు ఏమున్నది?

ఇప్పుడు చట్టము మారినదా అని అడుగుతారు. మారినది. 2025 నవంబరు 21నుంచి 1923 నాటి చట్టము 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయినది. భయపడనక్కరలేదు. చనిపోతే నెల కూలిలో నూటికి 50, పూర్తిగా పనికిరాకపోతే నూటికి 60, దానిని వయస్సు గుణకముతో హెచ్చవేయుట, అవయవముల పట్టిక, రెండేండ్ల గడువు, ఇవన్నియు అందులోను ఉన్నవి. నెలకు 12,000 లెక్కన ముప్పది ఏండ్ల మనిషి పోతే ఇంటివారికి 12,47,880 రావలెను. ఇంటినుంచి పనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదము కూడ, పనితో దానికి సంబంధము ఉంటే, పనిలో జరిగినట్లే లెక్కించవలెనని క్రొత్త స్మృతి వ్రాతలోనే పెట్టినది. మనవంటివారికి ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. ప్రమాదము చెన్నైలో జరిగినా దరఖాస్తు మనమున్న జిల్లాలోనే పెట్టవచ్చును. 1995లో పాత చట్టమును సవరించినప్పటినుంచి ఈ సౌకర్యము ఉన్నది. ఇది తెలియక ఎందరో రైలు ఛార్జీలకు జడిసి మానుకొన్నారు. ఆ టిక్కెట్లు ఇచ్చే ఆఫీసులో ఉండి మేము ఈ మాట చెప్పవలసివచ్చినది!

ఒక్క జాగ్రత్త. కంపెనీ మిమ్ము ఈ.యస్.ఐ.లో చేర్చివుంటే సొమ్ము అక్కడినుంచి రావలెను, ఈ దారిన రాదు. కట్టడపు పనివారిని 2015 ఆగస్టునుంచి అందులోకి తీసుకొన్నారు. నంబరు ఉన్నదో లేదో ముందు అడగండి.

మూడేండ్ల క్రిందట మా వీధిలో ఒక వదినగారు రాత్రి తలుపు తట్టినారు. భర్త కూడ కొత్తనారే. సారము విరిగి పడగా ఎడమకాలు మోకాలి క్రింద తీసివేసినారు. మరల అదే స్టాంపు కాగితము, ఈసారి 25,000. మేము ఈమారు ముద్ర పెట్టవద్దన్నాము. పోయి ఆసుపత్రి ప్రమాదపు రిజిష్టరు నకలు తెచ్చినాము, ఇక్కడ ఏ.ఆర్. కాపీ అంటారు. చూడగా “ఇంటి మెట్లమీద జారిపడెను” అని ఉన్నది! మోసికొని పోయిన మేస్త్రీ చెప్పగా డాక్టరు వ్రాసికొన్నాడు. ఆ ఒక్క వాక్యము కేసును ఏడాది వెనుకకు లాగినది. తోడిపనివారు ఇద్దరు వచ్చి సాక్ష్యము చెప్పినందువలన, కూలి డబ్బు వారమువారము ఫోనులో పడిన లెక్క చూపినందువలన గట్టెక్కినాము. కనుక స్పృహ ఉన్నంతవరకు డాక్టరుతో మొదటి మాట “పని జరిగేచోట పడినాను” అని చెప్పవలెను. స్పృహ లేకపోతే వెంట ఉన్న మనవాడు చెప్పవలెను.

అవతలివారు కాలు పోయినందుకు పట్టికలో ఉన్న శాతమే ఇస్తామన్నారు. అప్పుడు వకీలుగారు ఒక పాత తీర్పు తీసినారు. 1968 జూలై 6న ఒరిస్సాలో ఒక సినిమాహాలులో నగిషీ పని చేస్తూ ఒక వడ్రంగి క్రిందపడి ఎడమచేయి పోగొట్టుకొన్నాడు. పట్టిక ప్రకారము అది పూర్తి నష్టము కాదు. కాని ఒంటిచేత్తో వడ్రంగము జరగదు గనుక అతనికి నూటికి నూరు పోయినట్లేనని అధికారి 9,800 రూపాయలు, ఆలస్యమునకు జరిమానాతో సహా ఇప్పించినాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు అది సరియే అన్నది. సొమ్ము బాకీ పడేది తీర్పునాడు కాదు, ప్రమాదమునాడే అనికూడ అన్నది. ఒంటికాలితో సారము ఎక్కేదెట్లా అని మా వకీలు అడిగినారు. అధికారి కొంతసేపు ఏమియు మాటాడలేదు. రెండేండ్లకు తీర్పు వచ్చినది. ఎంత వచ్చినదో చెప్పవద్దని వదిన కోరినందున చెప్పము. ఇప్పుడు వారింటి ముందర చిన్న కిరాణా అంగడి ఉన్నది. అన్న స్టూలుమీద కూర్చొని తూకము వేస్తున్నారు.

వకీలుకు మాత్రము ఖర్చు కాలేదు. 1987 న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, పారిశ్రామిక కార్మికులకు ఉచితముగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. సభలోని అక్కచెల్లెండ్రు ఈ మాట గుర్తుంచుకోవలెను. దరఖాస్తులో నడిచేది చివరకు మీరే గదా.

కట్టడపు పనివారి సంక్షేమ బోర్డు సంగతి చాలమందికి తెలుసును, 1994నుంచి తమిళనాడులో ఉన్నది. పేరు నమోదు చేసుకొని, తరువాత కొనసాగించుకోనివారే ఎక్కువ. దానివలన వచ్చేది యజమాని బాకీకి బదులు కాదు, అదనము.

మా ఆఫీసులో తేదీ ముద్ర లేని కాగితము కాగితము కాదు. ప్రమాదము జరిగిన తేదీ, వేళ, చోటు, చూచినవారి పేర్లు ఒక తెల్లకాగితముమీద వ్రాసి, యజమానికి స్పీడు పోస్టులో పంపి, ఆ రసీదును రేషనుకార్డుతోపాటు భద్రము చేయండి. తమిళములో వ్రాసినా సరే, తెలుగులో చెప్పితే మేము తమిళములో వ్రాసిపెడతాము.

భోజనములు అయిన తరువాత పచ్చడి పంచినచోటనే వేపచెట్టు క్రింద ఒక బల్ల వేసికొని కూర్చుంటాము. గత రెండేండ్లలో దెబ్బ తగిలినవారు ఎవరైనా ఉంటే, లేక మీ ఇంటిలో స్టాంపు కాగితము ఏదైనా ఉంటే, తీసుకొని రండి. మాకు రాత్రి బండికి డ్యూటీ ఉన్నది. ఏడు గంటలదాకా ఉంటాము. మా పెద్దమ్మ కొడుకు కూడ అక్కడనే ఉంటారు. ఆ సెంట్రింగు పలక సంగతి వారిని అడిగితే వారే చెబుతారు.