'చెత్త వచ్చింది' అంటాం; వచ్చింది ఎవరు?

(కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తెలుగు సంఘాల యువతీయువకుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



"తత్వశాస్త్రాన్ని రోజువారీ జీవితంలో ఎలా వాడుకోవాలో చెప్పండి అయ్యగారూ" అని అడిగారు. తత్వం అంటే మన తాతల కాలంలో తంబురా మీద పాడేది. ఇప్పుడు పరీక్షకు చదివి మరచిపోయేది. నేనూ వేదాంత కళాశాలలో అలాగే చదివాను. మార్టిన్ బూబర్ మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ జవాబు నాకు అర్థమైంది మాత్రం చాలా ఏళ్ళ తరువాత, ఒక పెళ్ళికార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు.

ముందు బూబర్ గురించి రెండు మాటలు. ఆయన యూదుడు. 1878లో వియన్నాలో పుట్టాడు. 1923లో జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకం రాశాడు. పేరు "నేను, నీవు" అని చెప్పుకోవచ్చు. హిట్లర్ పాలనలో ఉండలేక 1938లో జర్మనీ వదిలి యెరూషలేముకు వెళ్ళిపోయాడు. పుస్తకం చిన్నదే గాని నమలడం కష్టం. అందులోని సంగతిని నాకు తోచినట్టు చెబుతాను. మనిషి లోకంతో రెండు రకాలుగా సంబంధం పెట్టుకుంటాడు. ఒకటి "నేను–అది". ఎదుట ఉన్నది నాకు ఎంత పనికొస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఎలా వాడాలి అని చూడడం. రెండోది "నేను–నీవు". ఎదుటివాళ్ళను కొలవకుండా, వాడుకోకుండా, నిండుగా వాళ్ళ ముందు నిలబడడం. ఈ రెండింటిలో "నేను" ఒక్కటి కాదంటాడు ఆయన. ఎదుటివాణ్ణి వస్తువుగా చూసే నేను వేరు, మనిషిగా చూసే నేను వేరు. అంటే ఎవరినైనా "అది" చేసినప్పుడు మారిపోయేది వాళ్ళొక్కరే కాదు.

ఇది జర్మన్ వాళ్ళ తత్వం, మనకెందుకు అనిపించవచ్చు. కాని ఈ సంగతి మన తెలుగులో ఉన్నంత పచ్చిగా జర్మన్‌లో కూడా లేదేమో. చూడండి. తెలుగులో ఒక స్త్రీ వస్తే "వచ్చింది" అంటాం. ఆవు వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది". ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకూ మన భాషలో క్రియ ఒక్కటే. "ఆమె" అన్న మాట ఒక్కటే ఆమెను కాపాడుతుంది. అదీ తీసేసి "అది వచ్చిందా?" అంటే ఇక మనిషికీ బకెట్టుకూ తేడా లేదు. అదే బహువచనం చేయండి, "వచ్చారు" అనండి, ఆమె మనుషుల లెక్కలోకి వచ్చేస్తుంది. మన వ్యాకరణంలో ఆడమనిషికి మనిషితనం గౌరవ బహువచనం ద్వారా దొరుకుతుంది. అది ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో కులం ముందే తేల్చిపెట్టింది.

బెంగళూరులో పొద్దున్నే వీధి చివర "కసా" అని కేక వినబడుతుంది. లోపలినుంచి మన ఇళ్ళల్లో ఎవరో అంటారు: "చెత్త వచ్చింది, బకెట్టు బయట పెట్టు." చెత్త వచ్చిందా? చెత్త మన ఇంట్లో ఉంది! వచ్చింది ఒక మనిషి. చాలాసార్లు మన భాష మాట్లాడే మనిషి. బెంగళూరులో, చెన్నైలో వీధులు ఊడ్చేవాళ్ళలో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారో మీకు నేను చెప్పాలా? మీలో కొందరి అమ్మమ్మలు ఆ పని చేశారు. వాళ్ళను "చెత్త" అన్న నోళ్ళలో మన నోళ్ళూ ఉన్నాయి.

ఇక్కడ చిన్న చిక్కు ఒకటి చెప్పి ముందుకు పోతాను. బూబర్ "నీవు" అన్నది జర్మన్‌లో దేవుణ్ణి, స్నేహితుణ్ణి, బిడ్డను పిలిచే దగ్గరి మాట. మనమూ ప్రార్థనలో దేవుణ్ణి "నీవు" అనే అంటాం. కాని ఇరవై ఏళ్ళ కుర్రవాడు అరవై ఏళ్ళ పారిశుద్ధ్య కార్మికుణ్ణి "నువ్వు", "ఏమోయ్" అంటే అది దగ్గరితనం కాదు, పాత పెత్తనం. కాబట్టి మన దేశంలో బూబర్‌ను అమలు చేయాలంటే ముందు "మీరు" అనడం నేర్చుకోవాలి. "నీవు" అనే చనువు తరువాత సంగతి, అది వాళ్ళు ఇస్తే తీసుకోవాలి.

ఇక పెళ్ళికార్డు సంగతి. నేను కాపరిగా ఉన్న ఒక సంఘంలో ఆవరణ ఊడ్చే అమ్మ ఒకామె ఉండేది. ఆరేళ్ళు రోజూ చూశాను. రోజూ "ఏమ్మా, బాగున్నావా?" అన్నాను. ఆమె "బాగున్నానయ్యగారూ" అనేది. నేను పేదలను ప్రేమించే కాపరినని నాకు గట్టి నమ్మకం. ధర్నాలకు పోయేవాణ్ణి, కరపత్రాలు రాసేవాణ్ణి. ఒకరోజు ఆమె కూతురి పెళ్ళికార్డు తెచ్చింది. కార్డు తెరిచి పెళ్ళికూతురి తల్లి పేరు చదివి, "ఈమె ఎవరమ్మా, మన సంఘస్థురాలేనా?" అని అడిగాను.

"నేనేనయ్యగారూ" అంది.

ఆమెకు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అయ్యగారికి తన పేరు తెలియకపోవడం ఆమెకు వింతగా తోచలేదు. ఆ పేరు ఇక్కడ చెప్పను, ఆమెను అడగలేదు కాబట్టి.

ఇలాంటిదే బూబర్ తన సంగతీ రాసుకున్నాడు. 1914లో ఒక ఉదయం ఆయన గాఢమైన భక్తి అనుభవంలో ఉన్నాడు. తరువాత ఒక యువకుడు ఆయన్ను చూడడానికి వచ్చాడు. బూబర్ మర్యాదగానే మాట్లాడాడు, అడిగినవాటికి జవాబులు చెప్పాడు. కాని మనసు పూర్తిగా అక్కడ లేదు. ఆ కుర్రవాడు అడగకుండా మిగిల్చుకున్న ప్రశ్న ఏమిటో ఊహించలేదు. కొంతకాలానికి ఆ యువకుడు ఇక లేడని తెలిసింది. అతను వచ్చింది ఊరికే కబుర్లకు కాదు, తన జీవితాన్ని తేల్చుకోవడానికి అని అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి రోజువారీ మనుషులకు దూరంగా తీసుకుపోయే భక్తిని బూబర్ వదిలేశాడు. రాత్రంతా ప్రార్థన చేసి, పొద్దున గేటు దగ్గర మనిషిని దాటిపోయే మనం ఇది వినాలి.

ఆదికాండము 16వ అధ్యాయం ఇంటికి వెళ్ళి చదవండి. శారయి, అబ్రాము ఇద్దరూ హాగరు గురించి మాట్లాడతారు గాని, ఇద్దరి నోటా ఆమె పేరు రాదు. నా దాసి, నీ దాసి, అంతే. కథ చెప్పేవాడికి పేరు తెలుసు, ఇంటివాళ్ళకు అక్కర్లేదు. ఆమెను మొదట పేరుపెట్టి పిలిచింది అరణ్యంలో నీటిబుగ్గ దగ్గర దేవుని దూత. అప్పుడు ఆమె ఏం చేసింది? దేవునికే పేరు పెట్టింది, తనను చూసే దేవుడని. విశ్వాసులకు తండ్రి ఇంట్లో దొరకని చూపు ఆమెకు ఎడారిలో దొరికింది.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మారికుప్పం నుంచి తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రి తిరిగొచ్చే మీరు, దారిలో కనబడే ప్రతి మనిషి ముందూ నిలబడి "నేను–నీవు" అంటూ కూర్చుంటే ఉద్యోగం ఉంటుందా? ఉండదు. బూబర్‌కూ అది తెలుసు. "అది" లేకుండా మనిషి బతకలేడని ఆయనే ఒప్పుకున్నాడు. టికెట్ ఇచ్చే మనిషి దగ్గర టికెట్ తీసుకుని పక్కకు జరగడం పాపం కాదు, వెనక ఉన్నవాళ్ళకు ఉపకారం. "అది" తప్ప ఇంకేమీ మిగలని బతుకు మనిషి బతుకు కాదన్నది ఆయన మాట. నేను ఇంకొకటి చేర్చుతాను. మన దేశంలో ఎప్పుడూ "అది"గా ఉండేది ఒకే రకం మనుషులు, ఒకే కులాలు. అది యాదృచ్ఛికం కాదు.

మీలో ఇద్దరు ముగ్గురు బండి మీద తిండి అందించే పని చేస్తున్నారని విన్నాను. ఫోన్ తెరమీద మీరు ఒక చుక్క. చుక్క కదలకపోతే ఎదురుచూసేవాళ్ళకు కోపం, చివర్లో నక్షత్రాలు. చుక్కగా ఉండడం ఎలా ఉంటుందో నాకంటే మీకు బాగా తెలుసు. రేపు సెలవురోజు మీరే బిర్యానీ తెప్పించుకున్నప్పుడు ఆ తెలివి గుర్తుంటుందా అన్నదే నా ప్రశ్న.

అయితే పేరుపెట్టి పిలిస్తే అన్నీ సరిపోతాయని నేను అనడం లేదు. నాకు ఈ విషయంలో బూబర్ భక్తులతోనే పేచీ. "అక్కా" అని నవ్వుతూ పిలిచి, జీతం మూడు నెలలు ఆపే కాంట్రాక్టర్లను చూశాను. 2022 జూలైలో బెంగళూరు పౌరకార్మికులు పని ఆపి కూర్చున్నది గౌరవంగా పలకరించమని కాదు, ఉద్యోగాలు ఖాయం చేయమని. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలునుంచి రాసిన లేఖలో బూబర్ మాట తెచ్చాడు, వర్ణవివక్ష చట్టాలు "నీవు" ఉండవలసిన చోట "అది"ని పెట్టి మనుషులను వస్తువులు చేస్తాయని. ఆయన ఆ మాటను పలకరింపుల గురించి వాడలేదు, చట్టాల మీద వాడాడు. తత్వం వీధిలోకి రావడమంటే నాకు అదే.

ఈ కోలార్ గడ్డమీద పుట్టిన బెజవాడ విల్సన్‌గారి పేరు మీకు తెలుసు. ఆయన తండ్రి, అన్న చేసినది పాకీపనే. మన తెలుగు కుటుంబమే. ఆయన ఏడ్చి ఊరుకోలేదు, జాలిపడమని అడగలేదు. లెక్క తీశారు, ఫోటోలు తీయించారు, సఫాయి కర్మచారీ ఆందోళన్ ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014లో కోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. ప్రతి ఒక్కరి కుటుంబానికి ఇవ్వాలంటే ప్రతి ఒక్కరి పేరూ కావాలి. చనిపోయినవాళ్ళను "ఇద్దరు కూలీలు" అని పత్రికలో ఒక మూలన వేసి వదిలేస్తే ఆ డబ్బు ఎవరికి వెళుతుంది? రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దింపినవాడు కాంట్రాక్టరైనా, ఇంటి యజమానైనా.

లేదా సంఘ కమిటీ అయినా. ఇది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

కొన్నేళ్ళ కింద క్రిస్మస్‌కు వారం ముందు మా సంఘం హాలు వెనక ట్యాంకు నిండిపోయింది. సందు ఇరుకు, లారీ రాదు. కమిటీలో ఒక పెద్దాయన, మంచివాడే, "నాకు తెలిసిన ఇద్దరున్నారు, రాత్రికి రాత్రి చేసేస్తారు, తక్కువే తీసుకుంటారు" అన్నాడు. బూబర్‌ను చదివిన నేను, పెళ్ళికార్డు చూసి సిగ్గుపడ్డ నేను, తల ఊపాను. నిజంగా ఊపాను. టీ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిన యూత్ అమ్మాయి ఒకామె తలుపు దగ్గర ఆగి, "లోపలికి ఎవరు దిగుతారు అంకుల్?" అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. మరునాడు నాలుగుచోట్ల ఫోన్లు చేసి, లారీని మెయిన్ రోడ్డుమీద ఆపించి, పైపులకు పైపులు కలిపి సందు చివరిదాకా లాగించాం. కమిటీ అనుకున్నదానికి మూడింతలు ఖర్చయింది. ఆ ఏడు స్టేజీ మీద లైట్లు లేవు. ఒకరిద్దరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

మీ మీ సంఘాల లెక్కల పుస్తకాలు ఒకసారి అడిగి చూడండి. "ట్యాంకు క్లీనింగ్" అని ఒక గీత ఉంటుంది. ఎంత ఇచ్చారో రాసి ఉంటుంది. ఎవరికి ఇచ్చారో, ఎలా చేయించారో రాసి ఉందేమో చూసుకుని వచ్చే నెల కూటానికి రండి. పుస్తకం చూపించమంటే పెద్దలు కోప్పడవచ్చు. కోప్పడితే నా పేరు చెప్పండి. ఇప్పుడు మీ ప్రశ్నలు.