పుస్తకం మూసిన తరువాత

పరీక్షలు దగ్గరపడిన ఇంటిని శ్రోతలకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. రేడియో గొంతు తగ్గుతుంది. వచ్చిన బంధువులను గుసగుసగా పలుకరిస్తారు. అర్ధరాత్రి దాటినా ఒక గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది. అటువంటి ఒక దీపం క్రింద సాగే చదువును గురించి నేడు మీకు కొన్ని మాటలు మనవి చేయదలచినాను.

ప్రకృతి వైద్యం, యోగచికిత్స, ఆయుర్వేదం, మర్దనచికిత్స మొదలైన విద్యలను అభ్యసించే యువతీయువకులకు తొలి సంవత్సరంలోనే రెండు కొండలు ఎదురవుతవి. ఒకటి శరీరనిర్మాణశాస్త్రం, రెండవది శరీరధర్మశాస్త్రం. మొదటిది దేహంలో ఏది ఎక్కడ ఉన్నదో చెప్పుతుంది. రెండవది అది ఏ పని ఎట్లు చేస్తున్నదో చెప్పుతుంది. రోగికి ఉపశమనం కలిగించే విద్య నేర్వవలెనని వచ్చినవారు, రోగిని సరిగా చూడకముందే 206 ఎముకలతోను, 12 జతల కపాలనాడులతోను కుస్తీ పట్టవలసి వస్తుంది. ఈ చదువును పరీక్షకు ముందు ఏ విధంగా పునశ్చరణ చేసికొనవలె అన్నదే నా ప్రసంగవిషయం.

నేను వైద్యుడను కాను. మా అక్కగారి అమ్మాయి వలన నాకీ విషయంతో పరిచయం కలిగింది. ఆమె ప్రకృతివైద్య యోగశాస్త్రాల పట్టపరీక్షకు చదువుతున్నది. ఆసుపత్రిలో చేయవలసిన ఏడాది శిక్షణతో కలిపి అది అయిదున్నర సంవత్సరాల చదువు. మొదటి ఏట ఆమె శరీరనిర్మాణశాస్త్రంలో తప్పింది. తెలివి లేక కాదు. శ్రమపడక అంతకన్నా కాదు. పుస్తకాన్ని మొదటినుండి చివరివరకు మూడుసార్లు చదివింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలతో ఆ పుస్తకం పెండ్లిపందిరి వలె ఉండేది. ఫలితాలు తెలిసిన సాయంత్రం మా ఇంటికి వచ్చి, "మామయ్యా, చదివేటప్పుడు అంతా తెలిసినట్లే ఉంటుంది. ప్రశ్నపత్రం చేతికి వచ్చేసరికి, ఆ సంగతి ఏ పేజీలో ఏ మూల ఉన్నదో గుర్తుంటుంది గాని, అక్కడ ఏమి వ్రాసి ఉన్నదో గుర్తు రాదు. ఈ చదువు నాకు అబ్బదేమో, మానివేస్తాను" అన్నది.

ఆ మాటలో రోగమూ ఉన్నది, మందూ ఉన్నది. చూచి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. వీధిలో ఎదురైన మనిషిని చూడగానే ఎరిగిన ముఖమే అనుకొంటాం; పేరు మాత్రం నాలుక చివరకు రాదు. మూడవసారి చదివిన పేజీ కూడ ఎరిగిన ముఖమే. పరీక్షలో అడిగేది పేరు.

మన వీధిబడుల నాటినుండి చదువుకు సంబంధించిన రెండు మాటలు వాడుకలో ఉన్నవి: వల్లె వేయడం, అప్పజెప్పడం. పాఠం ఎదుట పెట్టుకొని మరల మరల పలకడం వల్లె వేయడం. పుస్తకం పంతులుగారి చేతికిచ్చి, చేతులు కట్టుకొని, ఏమీ చూడకుండా చెప్పడం అప్పజెప్పడం. అప్పజెప్పడమంటే అప్పగించడమే గదా! తనవద్ద ఉన్నదానినే ఎవరైనా అప్పగించగలరు. మన పిల్లలు వల్లె వేయడాన్ని నిలుపుకొని అప్పజెప్పడాన్ని వదలివేశారు. నష్టమంతా అక్కడనే జరిగింది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి ఒక ప్రయోగం ప్రకటించారు. కొందరు పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడతనే చదివి, తక్కిన మూడు విడతలు చూడకుండా గుర్తున్నంత వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే చదివినవారికి నూటికి 40 పాళ్ళు, వ్రాసినవారికి 61 పాళ్ళు గుర్తున్నది. అయిదు నిమిషాల గెలుపును చూచి మోసపోవడమే విద్యార్థుల పొరపాటు.

కనుక మొదటి నియమం పుస్తకం మూయడం. ఒక పాఠం చదివిన వెంటనే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ అవయవం బొమ్మ గీయవలె. చిత్రకారుడి నైపుణ్యం అక్కరలేదు. వంకర గీతలు చాలును. భాగాలకు పేర్లు వ్రాసి, ఆ తరువాతనే పుస్తకం తెరచి, తప్పులను ఎర్రసిరాతో దిద్దుకొనవలె. మణికట్టులో 8 చిన్న ఎముకలున్నవి. బొటనవ్రేలి వైపునుండి మొదటి వరుసలో స్కేఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్వెట్రల్, పైసిఫారమ్. రెండవ వరుసలో ట్రపీజియమ్, ట్రపిజాయిడ్, కేపిటేట్, హేమేట్. ఈ పేర్ల మొదటి అక్షరాలతో ఒక తమాషా వాక్యం కట్టుకొంటే వరుస గుర్తుంటుంది. తానే తెలుగులో కట్టుకొన్న వాక్యమైతే మరీ మంచిది. కాని అది వరుసను మాత్రమే ఇస్తుంది, చోటును ఇవ్వదు. చోటు కొరకు బొమ్మ గీయక తప్పదు.

చోటు తెలిపే మరొక పుస్తకం ఎప్పుడూ మనతోనే ఉన్నది. అది మన దేహమే. బొటనవ్రేలిని వెనుకకు చాచితే దాని మొదట మణికట్టు వద్ద చిన్న గుంట పడుతుంది. పొడుం పీల్చే అలవాటున్న మన తాతలు చిటికెడు పొడుం పోసికొనడానికి తగిన గుంట అది. పాశ్చాత్య వైద్యులు కూడ దానికి పొడుం డబ్బీ అనే పేరు పెట్టారు. ఆ గుంట అడుగున వ్రేలికి తగిలేది స్కేఫాయిడ్. అక్కడనే ఒక ధమని కొట్టుకొనడం కూడ తెలుస్తుంది. తల వంచి మెడ క్రింద తడిమితే పొడుచుకొని వచ్చే ముడి సామాన్యంగా మెడలోని 7వ పూస. అక్కడినుండి రొమ్ముభాగంలో 12, నడుములో 5 అని లెక్కించుకొంటూ పోవచ్చు. ఇట్లు తాకి నేర్చినది మరపుకు రాదు. కంటితో చూచినది, శాస్త్రంలో చదివినది రెండూ కలిసినప్పుడే జ్ఞానం పెరుగుతుందని సుశ్రుతుడు ఏనాడో బోధించాడు. సుశ్రుతసంహితలో ఎముకలు 300, చరకసంహితలో 360; నేటి శాస్త్రంలో 206. ఆయుర్వేద విద్యార్థి ఈ లెక్కలన్నీ ఎరగవలె. ఏది ఎవరి లెక్కయో, ఆ తేడా ఎందుకు వచ్చినదో తెలిసికొంటే అవి ఒకదానితో ఒకటి కలిసిపోవు.

రెండవ నియమం ఎడమిచ్చి అడగడం. మరపు ఎంత వేగంగా వస్తుందో జర్మను పండితుడు ఎబింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసికొని 1885లో ప్రకటించాడు. నేర్చిన తొలి గంటలలోనే చాలభాగం జారిపోతుంది. తరువాత జారడం నెమ్మదిస్తుంది. అందుచేత ఒకే రాత్రి పదిసార్లు చదవడం కన్న, మరునాడు, మూడవనాడు, వారానికి, పక్షానికి, నెలకు ఒక్కొక్కసారి అప్పజెప్పుకొనడం మేలు. దీనికి జర్మను పత్రికారచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒక చక్కని ఉపాయం చెప్పాడు. అట్టముక్కకు ఒక ప్రక్క ప్రశ్న, రెండవ ప్రక్క జవాబు వ్రాయవలె. ఒక పెట్టెలో అయిదు అరలు చేసి, ముక్కలన్నిటిని మొదటి అరలో ఉంచవలె. జవాబు సరిగా చెప్పిన ముక్క తరువాతి అరకు పోతుంది. తప్పినది ఏ అరలో ఉన్నా మొదటికి వస్తుంది. మొదటి అరను ప్రతిదినం, తరువాతి అరలను అంతకంతకు ఎక్కువ ఎడంతో తీయవలె. వచ్చినదానిమీద కాలం వృథా కాదు, రానిది తప్పించుకొనలేదు. సెల్‌ఫోనులో కూడ ఇట్టి ఏర్పాట్లున్నవి. మా అమ్మాయి మాత్రం పాత శుభలేఖలను కత్తిరించి ముక్కలు చేసికొన్నది.

మూడవ నియమం శరీరధర్మశాస్త్రానికి సంబంధించినది. దానిని జాబితాగా కాక కథగా చెప్పుకొనవలె. ఒక రక్తబిందువును పట్టుకొని వెంట నడవండి. కాళ్ళనుండి క్రింది మహాసిర ద్వారా గుండె కుడికర్ణికలోనికి, మూడు రేకుల కవాటం దాటి కుడిజఠరికలోనికి, అక్కడినుండి పుపుసధమని ద్వారా ఊపిరితిత్తులకు, ప్రాణవాయువు పుచ్చుకొని ఎడమకర్ణికకు, ఎడమజఠరికకు, బృహద్ధమని గుండా మరల దేహమంతటికి. ప్రతి మజిలీ వద్ద "తరువాత ఏమి? ఎందుకు?" అని అడుగుకొనవలె. మర్దన చేయించుకొన్నవారిని బల్లమీదనుండి నెమ్మదిగా లేవమంటారెందుకు? లేచి నిలబడగానే రక్తం కాళ్ళవైపు దిగి, ఒత్తిడి తగ్గుతుంది. మెడలోని ధమనిలోను, బృహద్ధమని వంపులోను ఉన్న నాడీతంతువులు ఆ మార్పును కనిపెట్టి మెదడుకు తెలుపుతవి. మెదడు గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగింపజేస్తుంది. ఆ లోపల కన్ను తిరగవచ్చు. ఇంతటి పాఠం ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది.

నాలుగవది, ప్రశ్నలను కలగాపులగంగా అడగడం. ఎక్కం వరుసగా చదివే పిల్లవాడు "పదిహేడు ఏడ్లెంత?" అంటే తడబడతాడు. అవధానంలో పృచ్ఛకులు ఒకరి వెనుక ఒకరు వేరువేరు విషయాలు అడిగి, అవధానిని ఒక పద్యంమీద నిలువనీయరు. అన్నిటినీ చివర ధారణ చేయడమే ఆయన శక్తికి పరీక్ష. ఎముకను గురించి ఒకటి, మూత్రపిండాన్ని గురించి ఒకటి, నాడిని గురించి ఒకటి అడిగితే అసలు పరీక్షకు అదే సరియైన సాధన. ప్రయోగపరీక్షలో బల్లలమీద వరుసగా ఉంచిన నమూనాలను కొద్ది వ్యవధిలో గుర్తించి సాగిపోవలె గదా!

ఇక్కడ ఇంటివారికి ఒక మనవి. అడగడానికి శాస్త్రజ్ఞానం అవసరం లేదు. ఆ రెండవమారు పరీక్షకు ముందు నేను ప్రతిసాయంత్రం అరగంట సేపు అట్టముక్కలు చేతబట్టి కూర్చున్నాను. మా అమ్మ వత్తులు చేసికొంటూ, "ఆ గుండె సంగతి నాకు తెలిసేటట్లు చెప్పవే" అనేది. ఇంగ్లీషులో చదివినదానిని అమ్మమ్మకు తెలుగులో చెప్పడం మొదట ఆ పిల్లకు చాల కష్టమైంది. ఎక్కడ ఆగిపోయినదో అక్కడ తనకే అర్థం కాలేదని ఆమె గ్రహించింది. పదిన్నరకు దీపం ఆర్పమనేవాళ్ళం. నేర్చినది మనసులో కుదురుకొనడానికి నిద్ర కూడ కావలె. ఆమె ఉత్తీర్ణురాలైంది. మొదటి శ్రేణి రాలేదు, చదువు మానలేదు.

పరీక్ష గట్టెక్కడమే ఇందులో ముఖ్యమైతే నేనింత చెప్పేవాడను కాను. కొన్నేండ్లకు మా అమ్మకు మోకాటి శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు ఒక పిక్క వాచి, వెచ్చగా ఉండి, నొప్పి పెట్టసాగింది. అప్పటికి ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్న మనుమరాలిని పిలిచి, "నీ విద్యే గదా, నువ్వులనూనె రాచి కాస్త పిసుకవే" అన్నది. ఆ పిల్ల నూనెగిన్నె తెచ్చి, కాలు చూచి, గిన్నె క్రింద పెట్టివేసింది. "అమ్మమ్మా, దీనిని ఇప్పుడు పట్టరాదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి, తొడసిర, మహాసిర, కుడికర్ణిక, కుడిజఠరిక దాటి ఊపిరితిత్తిలో అడ్డుపడవచ్చు" అన్నది. ఆనాడు మాకు అప్పజెప్పిన రక్తబిందువు బాటయే అది. ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోయినాం. పరీక్షలో గడ్డ లేదని తేలింది. అయినా డాక్టరుగారు, "అమ్మాయి చేసినదే సరియైన పని" అన్నారు.

ఆ నిమిషంలో ఆమె చేతిలో పుస్తకం లేదు. పుస్తకం తెచ్చి పుటలు తిప్పే వ్యవధి కూడ లేదు. రేపు వీరి చేతిక్రింద మన దేహాలే ఉంటవి గనుక, మీ ఇంటిలో ఇట్టి చదువు చదివే పిల్లలుంటే ఈ సాయంత్రం వారి పుస్తకాన్ని ఒక అరగంట మీ చేతిలోనికి తీసికొనండి. పేర్లు సరిగా పలకలేకపోయినా ఫరవాలేదు. అడగండి. సెలవు.